చిల్లు లేని ఆకు

ఆ వీధిలో ఆమెను పేరు పెట్టి పిలిచినవాళ్లు లేరు. అందరికీ రఫూ అక్కయ్యే. ఆమెకన్నా పదిహేనేళ్లు పెద్దవాళ్లకూ అక్కయ్యే, నిన్నగాక మొన్న బడిలో చేరిన పిల్లకూ అక్కయ్యే. కుట్టుపనీ రఫూపనీ ఒకటే అని ఎవరైనా పొరబడ్డారో, ఆమెకు చర్రుమని కోపం వచ్చేది. కుట్టేవాళ్లు చిరుగును దాచిపెడతారు. రఫూ చేసేవాళ్లు ఆ గుడ్డ మడతలోంచే నాలుగు దారాలు లాగి, పడుగూ పేకా మళ్లీ అల్లి, అక్కడ చిరుగన్నదే పుట్టనట్టు చేస్తారు. ముప్ఫై నాలుగేళ్లు ఆమె చేసింది ఆ పనే. గుడ్డ తెచ్చినవాళ్లే తీసుకెళ్లేటప్పుడు "ఎక్కడండీ చిరిగింది?" అని వెతుక్కుంటుంటే, చేతులు కట్టుకుని, చిన్నగా నవ్వుతూ, ఎంతకీ చూపించేది కాదు. అంత పొగరు ఉండేది. ఉండాల్సిందే, అలాంటి పని చేతిలో ఉన్నప్పుడు.

ఆ పనంతా జరిగింది ఒక పాత భవనం మెట్ల కింద. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, కిటికీ లేదు, నెత్తిమీద ఒక ట్యూబులైటు. ఎవరైనా మెట్లెక్కితే ఆమె తలమీదే నడిచినట్టుండేది. ఆ కొట్లో ఆమెకు ఒకే ఒక్క శత్రువు, బట్టలు కొట్టే పురుగు. ఒక్క పురుగు లోపలికొస్తే పరాయివాళ్ల ఉన్ని కోట్లన్నీ జల్లెడైపోతాయి. అందుకని ప్రతి అరలో కలరా ఉండలు పెట్టేది. ఆ వాసన ఆమె జుట్టుకు పట్టేసి ఇంటికి కూడా వచ్చేది. "మా ఆవిడని పురుగూ ముట్టదు, నేనూ ముట్టను" అని భర్త నలుగురిలో వేళాకోళం చేసేవాడు. ఆయన బస్సు కండక్టరుగా చేసి దిగిపోయిన మనిషి. బస్సు దిగాడు గానీ ఆ మాటతీరు దిగలేదు.

కాలం మారింది. చిరిగితే పారేయడమే తప్ప బాగుచేయించుకునేవాళ్లు లేకపోయారు. యాభై తొమ్మిదో ఏట ఆమె కొట్టు మూసేసి, సూదులపెట్టె, భూతద్దం, సన్నటి పట్టకారు పట్టుకుని ఇంటికొచ్చేసింది.

వచ్చాక ఏం చేయాలో తోచలేదు. కింద రెండు గదులు వీళ్లవి, పైభాగం బావగారిది, అంటే భర్త అన్నగారిది. వెనక చిన్న పెరడు ఇద్దరిదీ. పది గజాల పొడవు, ఆరు గజాల వెడల్పు. ఒక నిమ్మమొక్క, ఒక గన్నేరు, మిగతాదంతా పిచ్చిగడ్డి. ఆమె మధ్యాహ్నాలు వెనకగుమ్మం మెట్టుమీద కూర్చుని, ఒళ్లో పాత నీలిగుడ్డ వేసుకుని, అవసరం లేకపోయినా దారాలు లాగుతూ ఉండేది. చేతులు ఖాళీగా ఉంటే ఆమెకు ఊపిరాడదు.

అలాంటి ఒక మధ్యాహ్నం ఒక సీతాకోకచిలుక వచ్చి ఆ నీలిగుడ్డ మీద వాలింది. నల్లటి రెక్కలు, వాటినిండా లేతపసుపు మచ్చలు. ఆమె ఊపిరి బిగబట్టి, మెల్లగా భూతద్దం అందుకుని చూసింది. రెక్కల్లో దారమే లేదు. చిన్న చిన్న పెంకులు, వరస తర్వాత వరస, ఒకదాని అంచు మీద ఇంకొకటి. ఏ మగ్గం మీదా నేయలేని పని. చూస్తూ చూస్తూ ఉంటే వెనకరెక్క అంచున ఒక చిరుగు కనిపించింది. ఆమె చేయి దానంతటదే సూదికోసం వెళ్లింది. ఈలోగా అది ఆ చిరుగుతోనే హాయిగా ఎగిరిపోయింది.

ఆమె రఫూ చేయకుండా వదిలేసిన మొదటి చిరుగు అది. సాయంత్రం దాకా అక్కడే కూర్చుంది, మళ్లీ వస్తుందేమోనని. రాలేదు. మర్నాడూ రాలేదు. మూడోరోజు ఆమె భర్తతో, "ఏమండీ, పెరడు బాగుచేద్దాం. పూలమొక్కలు పెడదాం. అవి రావాలి నాకు" అంది.

"ఏవి?"

"సీతాకోకచిలుకలు."

కండక్టరు ఆమె మొహంలోకి చూశాడు. వేళాకోళం నోటిదాకా వచ్చింది గానీ మింగేశాడు. పెళ్లయ్యాక ఆమె "నాకు కావాలి" అన్నవి వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. మర్నాడే పార పట్టుకున్నాడు.

అయితే సరిగ్గా అప్పుడే బావగారు పాత కారొకటి కొన్నారు. ఆయన గిడ్డంగి పర్యవేక్షకుడిగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నారు. గింజ తక్కువైతే మూటను వెనక్కి పంపిన మనిషి. చెడ్డవారు కాదు, కానీ లెక్క తప్పితే తమ్ముడైనా ఒకటే, తుమ్మచెట్టైనా ఒకటే. కారుకు నీడ కావాలి, నీడకు షెడ్డు కావాలి, షెడ్డుకు పెరడు కావాలి. ఒక ఆదివారం పొద్దున్నే మేస్త్రీని వెంటబెట్టుకుని దిగి, టేపు పెట్టి కొలిపించారు.

"బావగారూ, నేను తోట వేస్తున్నాను" అంది ఆమె, ఆ టేపు చివర నిలబడి.

"ఏం తోటమ్మా? కూరలా, కాయలా?"

"సీతాకోకచిలుకల కోసం."

మేస్త్రీ కిసుక్కున నవ్వాడు. బావగారు నవ్వలేదు. ఆయన ఏ విషయాన్నయినా పద్దులాగే వింటారు. "ఎన్ని వస్తాయి?" అని అడిగారు.

"చాలా వస్తాయి."

"చాలా అంటే లెక్క కాదమ్మాయ్. చూడు, ఆరు నెలలు టైమిస్తాను. ఆరు నెలల తర్వాత వచ్చే మొదటి ఆదివారం పొద్దున పదింటికి నేను కిందికి దిగుతాను. పది రకాలు నా కళ్లకు చూపించు. అదే రోజు, అదే పూట. చూపిస్తే ఈ పెరటి జోలికి రాను. తొమ్మిదైతే మాత్రం సిమెంటే."

"సరే" అంది ఆమె, భర్త వెనకనుంచి కొంగు లాగుతున్నా వినిపించుకోకుండా.

అనేసింది గానీ ఆ రోజు అన్నం సహించలేదు. ఆ పెరడు సిమెంటైపోతే తనకు మిగిలేది వెనకగుమ్మం, దాని ముందు ఒక రేకుల గోడ. అంటే మళ్లీ మెట్ల కిందే. ముప్ఫై నాలుగేళ్ల తర్వాత దొరికిన ఆ పది గజాల వెలుతురును వదులుకోవడం ఆమెవల్ల కాదు. ఆ మాట ఎవరితోనూ అనలేదు, భర్తతో కూడా.

ఇక చూడండి ఆమె పని. గోడ పొడుగునా బంతి, మధ్యలో తంగేడు, మూలన ఆముదం, ఎక్కడ దొరికిన పూలమొక్క అక్కడ. రోడ్డు పక్క జిల్లేడు మొక్కకు గుత్తులు గుత్తులుగా పూలున్నాయని దాన్ని కూడా వేళ్లతో సహా తవ్వి తెచ్చింది. "కంపకీ చోటిచ్చావు, కారుకివ్వలేదు" అన్నారు బావగారు పైనుంచి. రెండు నెలలు తిరిగేసరికి పెరడంతా పచ్చగా, ఏపుగా, కళకళలాడిపోయింది.

ఆమె చేతికింద ఉన్న తోట ఎలా ఉంటుంది మరి? రోజూ పొద్దున టీ తాగగానే కళ్లజోడు పెట్టుకుని, పట్టకారూ రేకుడబ్బా పట్టుకుని బయల్దేరేది. ఒక్కొక్క ఆకూ తిప్పి చూసేది. ఆకుమీద గొంగళిపురుగు కనిపిస్తే ఆమె కంటికి ఉన్ని కోటుమీది పురుగే. ఠక్కున పట్టి డబ్బాలో వేసేది. డబ్బా నిండితే వెనకగోడ అవతల ఖాళీ స్థలంలో గుమ్మరించేది. నిమ్మాకుల మీద పిట్టరెట్టల్లాంటివి కనిపిస్తే తడిగుడ్డతో తుడిచేసేది. ఆకుల కింద గుండుసూది తలకాయంత చుక్కలు అంటుకుని ఉంటే గోటితో గీకేసేది. ఇంతా చేసి, ఎందుకైనా మంచిదని, కలరా ఉండల్ని పల్చటి గుడ్డలో చిన్న చిన్న మూటలు కట్టి కొమ్మకొకటి వేలాడదీసింది. ఆ తోటలో చిల్లున్న ఆకు ఒక్కటంటే ఒక్కటి లేదు.

సీతాకోకచిలుకలు కూడా లేవు.

లేవంటే, రాకపోలేదు. గోడమీంచి వచ్చేవి, పూలమీద ఒక చుట్టు తిరిగేవి, అటునుంచి అటే వెళ్లిపోయేవి. కండక్టరు గుమ్మంలో కుర్చీ వేసుకుని, "ఎక్స్‌ప్రెస్ సర్వీసులోయ్. మన స్టాపులో ఆగవు" అనేవాడు. మొదట్లో ఆమె నవ్వింది. మూడోనెలలో నవ్వు రాలేదు. నాలుగోనెల వచ్చేసరికి, ఒకే రోజున చూసిన రకాలు ఎప్పుడూ మూడు దాటలేదు. బావగారు ఇటుకలు దింపించి, గోడవారగా పేర్పించారు. "ఎలాగూ కావాలి కదా అని" అన్నారు, మర్యాదగానే.

ఆ నెలలోనే పక్కింట్లోకి ఒక టీచరమ్మ అద్దెకొచ్చింది. పెద్దబడిలో సైన్సు చెప్తుంది. వచ్చిన రెండోరోజు గోడమీంచి తొంగిచూసి, "ఎంత బాగుందండీ మీ తోట!" అంది. అక్కయ్యకు ప్రాణం లేచొచ్చింది. లోపలికి పిలిచి మొక్క మొక్కా చూపించింది. టీచరమ్మ నిమ్మాకు తిప్పి చూసింది, జిల్లేడాకు తిప్పి చూసింది, కొమ్మకు వేలాడుతున్న మూటను వాసన చూసి ముక్కు చిట్లించింది.

"అక్కయ్యగారూ, ఒక్క ఆకుకైనా చిల్లు లేదేమిటండీ?"

"ఉండనిస్తానా? రోజూ ఏరేస్తాను" అంది ఆమె, గర్వంగా.

"ఏం ఏరేస్తారు?"

"పురుగుల్ని. మొన్నటికి పదో డబ్బానో పదకొండో డబ్బానో."

టీచరమ్మ మళ్లీ ఒకసారి తోటంతా చూసింది. ఎలా చెప్పాలో ఆలోచిస్తున్నట్టుంది. చివరికి మెట్టుమీద ఆమె పక్కన కూర్చుని, "అక్కయ్యగారూ, అవి పురుగులు కావండీ. అంటే పురుగులే. సీతాకోకచిలుకల పిల్లలు. తల్లి ఒక్కో రకం ఒక్కో మొక్కనే వెతుక్కుని గుడ్లు పెడుతుంది. నిమ్మమీద పెట్టేది జిల్లేడుమీద పెట్టదు. పూలకోసం వచ్చేవి తేనె తాగి వెళ్లిపోతాయి. ఆకులకోసం వచ్చేవే ఉండిపోతాయి" అంది.

"మరి ఆ చిన్నచిన్న చుక్కలు?"

"గుడ్లు."

"నిమ్మాకుల మీద పిట్టరెట్టలు?"

"అవి కూడా పిల్లలేనండీ. పిట్టలు తినకుండా అలా వేషం వేసుకుంటాయి."

ఆమె రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని వాటికేసి చూసుకుంది. పదకొండు డబ్బాలు. తన చేతుల్తో. వాటికోసమే తోటవేసి, వాటినే ఏరి గోడ అవతల పోసింది. కళ్లవెంట నీళ్లు జారిపోయాయి. టీచరమ్మ ఏదో ఓదార్చబోయింది గానీ ఆమె వినే స్థితిలో లేదు.

ఆ సాయంత్రం సంగతంతా విని కండక్టరు, "అయితే ఎక్కాల్సినవాళ్లనే దించేశావన్నమాట" అన్నాడు. ఆ మాట అనాల్సిన సమయమా అది? రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. మూడోరోజు పొద్దున ఆయనే తనంతట తాను నిచ్చెన వేసుకుని, కొమ్మల మీది కలరా ఉండల మూటలన్నీ విప్పి, కాగితంలో పొట్లం కట్టి, దూరంగా తీసుకెళ్లి పడేసి వచ్చాడు. ఆమె టీ ఇచ్చింది. అలా రాజీ కుదిరింది.

పట్టకారును సూదులపెట్టెలో పెట్టి తాళం వేసేసింది. అది తేలికైన పని. ఆ తర్వాతదే కష్టం. ఆకును తిననివ్వడం! పదిరోజులకు నిమ్మాకు అంచున చంద్రవంకలా ఒక ముక్క మాయమైంది. దాన్ని చూడగానే ఆమె వేళ్లు జిలపెట్టాయి. కుర్చీలో కూర్చుని చేతులు తొడల కింద పెట్టుకుంది. మర్నాటికి సగం ఆకు లేదు. ఆ మర్నాటికి ఆకే లేదు. ముప్ఫై నాలుగేళ్లు చిల్లుమీద యుద్ధం చేసిన మనిషి, చిల్లు పడుతుంటే ఎదురుగా కూర్చుని చూడాలంటే మాటలా? మొదటివారం ఆమెకు నిద్రలో కూడా చిల్లులే కనిపించాయి.

కానీ ఆ కళ్లు ఊరుకునేవి కావు. చంపడానికి వెతికిన కళ్లే ఇప్పుడు కాపాడటానికి వెతకసాగాయి. ఏ ఆకు కింద ఎన్ని గుడ్లున్నాయో, ఏ పురుగు ఏ కొమ్మమీదికి మారిందో ఆమెకు కంఠతా వచ్చేసింది. టీచరమ్మ భూతద్దం పెట్టి వెతికినా కనిపించనిది ఆమెకు నిలబడి ఉండగానే కనిపించేది. "మీ కళ్లు నాకిచ్చి, నా చదువు మీరు తీసుకోండి" అనేది టీచరమ్మ. కుళ్లిన అరటిపండ్లు ఒక పళ్లెంలో పెడితే వాటికోసం వచ్చే రకాలు వేరే ఉంటాయని కూడా ఆమే చెప్పింది. రాలిన ఆకులు ఊడ్చేయకుండా ఒక మూల కుప్పపోసి ఉంచమంది. అక్కయ్య అన్నీ చేసింది.

దాంతో పెరడు చూడటానికి ఘోరంగా తయారైంది. నిమ్మమొక్క మోడైంది. ఆముదం ఆకులు జల్లెడలైపోయాయి. మూలన ఆకుల కుప్ప, దాని పక్కన కుళ్లిన పండ్లు. బావగారు పైనుంచి చూసి, "అమ్మాయ్, మొక్కలన్నీ పురుగు పట్టిపోయాయి. ఇదా తోట? పోనీ ఆ చెత్తకుప్పైనా తీయించు" అన్నారు. ఆయన గొంతులో ఎకసెక్కెం కూడా లేదు, నిజంగానే జాలిపడ్డారు. అదే ఆమెకు ఎక్కువ మండింది.

ఐదోనెల చివర, ఒక పొద్దున, గన్నేరాకుల కింద వెండి గుండీ ఒకటి వేలాడుతూ కనిపించింది. అద్దంలా తళతళ మెరుస్తోంది. ఎవరి కోటుదో ఊడి చిక్కుకుందనే అనుకుని చేయి చాపింది, మళ్లీ చప్పున వెనక్కి తీసుకుంది. పక్క ఆకు కింద ఇంకొకటి, దాని పక్కన మరొకటి. మొత్తం ఏడు. ఆ గుండీలు గొంగళిపురుగులు కట్టుకున్న గూళ్లని టీచరమ్మ చెప్పాక, ఆమె రోజుకు పదిసార్లు వెళ్లి చూసి వచ్చేది.

తొమ్మిదో రోజుకు మొదటి గుండీ నల్లబడింది. పదోరోజు ఎండెక్కుతుండగా అది పగిలి, లోపలినుంచి పిండిన గుడ్డలాంటిది బయటికొచ్చి, ఆ డొల్లనే పట్టుకుని వేలాడింది. చూస్తుండగానే ముడతలు ఒక్కొక్కటే విడిపోయాయి. ముదురు గోధుమరంగు రెక్కలు, అంచుల వెంట తెల్లచుక్కల వరస. ఒక్క చిరుగు లేదు, ఒక్క ముడత లేదు. "ఏమండీ! ఏమండీ! రండి, పుట్టింది!" అని ఆమె వేసిన కేకకు, కండక్టరు సగం గడ్డం నురగతోనే పరుగెత్తుకొచ్చాడు. అది రెక్కలు ఆరబెట్టుకుని, రెండుసార్లు ఊపి చూసుకుని, గోడ దాటకుండా ఎదురుగా ఉన్న బంతిపూల మీదికెళ్లి వాలింది.

"ఆగిందోయ్" అన్నాడాయన. "మన స్టాపులో ఆగింది." ఆమె ఆ నురగ గడ్డాన్నే చూసి పకపకా నవ్వింది.

ఆ నెలంతా పెరట్లో సంబరమే. ఒక్కో రకానికీ గుడ్డల పేర్లు పెట్టుకుంది ఆమె. నిమ్మమీది నల్లదాని పేరు అద్దకం. జిల్లేడుమీది నారింజరంగుది నల్లంచు. వారం తిరగకుండానే ఆరు రకాలు, తర్వాత ఎనిమిది. ఆరునెలల గడువుకు నాలుగు రోజుల ముందు, ఎండ ఫెళ్లున కాస్తున్న పొద్దుటి పూట, ఒకే గంటలో పదకొండు రకాలు లెక్కపెట్టింది. టీచరమ్మ సాక్ష్యం. "ఇప్పుడే పిలవండి మీ బావగారిని" అంది టీచరమ్మ. ఆమె పిలిచింది కూడా. ఆయన పైనుంచే, "తేదీ ఆదివారం కదమ్మా" అన్నారు.

ఆదివారం తెల్లవారేసరికి ఆకాశం మూసుకుపోయింది.

మామూలు మబ్బు కాదు. తుంపర, చల్లగాలి, ఎండ జాడ లేదు. ఎండ లేకపోతే సీతాకోకచిలుక రెక్క విప్పదు, ఎక్కడో ఆకు చాటున ముడుచుకుని కదలకుండా కూర్చుంటుంది. తొమ్మిదైంది. తొమ్మిదిన్నరైంది. పెరట్లో ఎగిరే ప్రాణి ఒక్కటీ లేదు. టీచరమ్మ గోళ్లు కొరుక్కుంటోంది. సరిగ్గా పదింటికి బావగారు గొడుగు, నోటుపుస్తకం, చెవిమీద పెన్సిలు, అన్నిటితో దిగారు.

"అన్నయ్యా, వాతావరణం బాగాలేక ఇవాళ సర్వీసులన్నీ ఆలస్యం. రేపు చూడకూడదూ?" అన్నాడు కండక్టరు, తేలిగ్గా అన్నట్టే.

"తేదీ అంటే తేదీరా" అన్నారు బావగారు. పెరడంతా ఒకసారి కలయజూశారు. "సున్నా" అని రాసుకోబోయారు.

"ఆగండి బావగారూ" అంది ఆమె.

కళ్లజోడు కొంగుతో తుడిచి పెట్టుకుంది. నల్లకోటుమీద నల్ల చిల్లు ఎక్కడుందో వెతకాలంటే మొత్తం కోటును చూడకూడదు. ఒక మూల పట్టుకుని, వరస వెంట వరస, దారం వెంట దారం పోవాలి. ఆమె పెరటి గేటు మూలకు వెళ్లింది. అక్కడినుంచి పెరటిని గుడ్డలాగే చదవడం మొదలుపెట్టింది.

"ఇక్కడ" అంది, నిమ్మకొమ్మ లోపలివైపు వేలు చూపిస్తూ. బావగారు వంగి చూశారు. ఏమీ లేదన్నారు. "ఇంకొంచెం దగ్గరికి రండి. ముల్లు పక్కన." అప్పుడు కనిపించింది, రెక్కలు వాల్చుకుని నిద్రపోతున్న అద్దకం. ఆయన ఒకటి అని రాసుకున్నారు. జిల్లేడు కింద కాడకు తలకిందులుగా వేలాడుతూ నల్లంచు, రెండు. గన్నేరు గుబురులో చుక్కలది, మూడు. ఆముదం ఆకుమీద ఆకుకు అతుక్కుపోయినట్టు ఇటుకరంగుది, నాలుగు. తంగేడాకుల అడుగున, ఆకు రంగులోనే కలిసిపోయిన ఆకుపచ్చ ఛాయ తెలుపుది, ఐదు. దాని కిందే, చిటికెన గోరంత పసుపుది, ఆరు.

ఏడోది గడ్డిపరక చివర. అంత చిన్నదాన్ని చూడటానికి బావగారు మోకాళ్లమీద కూర్చోవాల్సి వచ్చింది. "ఇది కూడా సీతాకోకచిలుకేనా?" అని అనుమానంగా అడిగితే, టీచరమ్మ "అవునండీ, రెక్క విప్పితే నీలంగా ఉంటుంది" అంది. ఆయన ఆ తడిలోనే అలా కాసేపు కూర్చుండిపోయారు. ఎనిమిదోది నేలమీద పెచ్చులూడిన ఇటుకముక్క పక్కన, నెమలికన్నుల్ని లోపలికి ముడుచుకుని. తొమ్మిదోది గోడ పగుల్లో, నల్లరెక్కల అంచున నీలం మెరుపు కొద్దిగా బయటపెట్టుకుని.

పదోది అరటిపండ్ల పళ్లెం దగ్గర ఉండాలి. రోజూ ఉండేది. పళ్లెంలో వాననీళ్లు తప్ప ఏమీ లేవు.

ఆమె పళ్లెం చుట్టూ చూసింది, పళ్లెం కింద చూసింది. మిగిలిన రెండు వరసలూ చదివింది. లేదు. బావగారు మోకాళ్లు దులుపుకుని లేచి, నోటుపుస్తకం చూసుకున్నారు. "తొమ్మిది. నిజం చెప్పొద్దూ, నేననుకున్న దానికన్నా..." అని ఆగారు. "కానీ పది అనుకున్నాం కదమ్మాయ్." ఆయనకూ ఆ మాట అనడం ఇష్టం లేనట్టే ఉంది. అయినా అన్నారు. గింజ తక్కువైతే మూట వెనక్కి పంపిన మనిషి.

కండక్టరు తల దించుకున్నాడు. ఆమె దించుకోలేదు. ఆమె చూపు మూలనున్న ఆకుల కుప్పమీద నిలిచిపోయింది. ఆ తోటలో రాలిన ఆకులే అన్నీ. అన్నీ తిన్నవే. కొన్నిటికి అంచుల్లేవు, కొన్నిటికి నడుమ లేదు, ఏ ఆకు చూసినా చిల్లే. వరస వెంట వరస, ఆకు వెంట ఆకు. అలా చూస్తూ చూస్తూ ఒకచోట ఆగిపోయింది. మొహం వెలిగిపోయింది.

"బావగారూ, ఆ కుప్పలో చిల్లు లేని ఆకు ఒకటుంది" అంది.

"ఉంటే?"

"నా తోటలో చిల్లు లేని ఆకు ఎక్కడిదండీ? మీ గొడుగు మొనతో దాన్ని కొంచెం అలా తాకండి. ఆ పుల్ల పక్కది. ఊఁ, అదే."

బావగారు ఆమెకేసి వింతగా చూసి, గొడుగు ముడిచి, మొనతో తాకారు. ఎండుటాకు లేచింది. గాలికి కాదు, తనంతట తానే లేచి, ఒకసారి రెక్కలు విప్పి, లోపలి నారింజరంగూ నల్లటి కళ్లూ చూపించి, ఆయన మొహం ముందునుంచే ఎగిరి, అరటిపండ్ల పళ్లెం అంచున వాలి, మళ్లీ ఎండుటాకైపోయింది. బావగారు ఒక అడుగు వెనక్కి వేశారు. గొడుగు చేతిలోంచి జారింది.

"పది" అన్నారు. అన్నది ఆయనే.

టీచరమ్మ చప్పట్లు కొట్టింది. కండక్టరు జేబులోంచి పాత ఈల తీసి, వీధంతా అదిరేలా ఊదాడు. రఫూ అక్కయ్య మాత్రం మెట్టుమీద కూర్చుని, కళ్లజోడు తీసి, తనివితీరా ఏడ్చింది. ఈసారి ఎవరూ ఓదార్చబోలేదు. బావగారు పుస్తకంలో పది వేసి, కింద గీత గీసి, సంతకం చేసి, తేదీ కూడా వేశారు. తర్వాత ఆమె ఎదురుగా వచ్చి నిలబడ్డారు.

"అంత కుప్పలో ఆ ఒక్కటీ నీకెలా కనబడిందమ్మా?"

"ముప్ఫై నాలుగేళ్లు చిల్లులే చూశాను బావగారూ. ఒకచోట చిల్లు లేకపోతే తెలియదా?"

కారు వీధిలోనే ఉంది ఇప్పటికీ, గుడ్డ కప్పుకుని. ఆ గుడ్డకు పడిన చిరుగులు ఆమే బాగుచేస్తుంది. దింపించిన ఇటుకలతో మేస్త్రీ గోడవారగా ఒక అరుగు కట్టాడు. పొద్దున టీ తాగాక బావగారు నోటుపుస్తకం పట్టుకుని వచ్చి ఆ అరుగుమీద కూర్చుంటారు. రకాల లెక్క ఇరవై రెండుకు వచ్చింది. మొన్న ఆమె ఇంకా వంటింట్లో ఉండగానే పెరట్లోంచి ఆయన కేక వినిపించింది, గిడ్డంగిలో మూట తగ్గినప్పుడు వేసేలాంటి కేక.

"అమ్మాయ్! వారం నుంచి చూస్తున్నాను, నిమ్మమొక్కకి ఒక్క చిల్లు పడలేదు. ఏం చేస్తున్నావు నువ్వు?"